పారిపోయే బటన్

లుడివినా పల్మారెస్ నోరంటే సాన్ పోలికార్పో వాడలో అందరికీ భయమే, చేతిపనికి మాత్రం అందరూ ఆమె గుమ్మం ముందు వరస కట్టేవారు. ఫిలిప్పీన్స్ దేశపు ఇలోయిలో నగరంలో లా పాస్ సంత వెనక వీధిలో ఆమె ఇల్లు. వీధి గదిలోనే కుట్టుమిషను. ఆ చుట్టుపక్కల బడికెళ్ళే పిల్లల యూనిఫారాలన్నీ ముప్పై ఏళ్ళుగా ఆ మిషను మీద తయారైనవే. ఏ పిల్లవాడి లాగు ఏ ఏడు ఎన్ని అంగుళాలు వదులు చేసిందో ఆమెకు కంఠతా వచ్చు. వాడు పెద్దవాడై, ఉద్యోగస్థుడై, ఎప్పుడైనా ఆమె ఎదుట పెద్దరికం ఒలకబోస్తే ఆ కొలత పదిమందిలో బయటపెట్టేది. ఈడువాళ్ళు ఆమెను లూదింగ్ అనేవారు. చిన్నవాళ్ళు అక్క వరస కలిపి నాంగ్ లూదింగ్ అనేవారు.

ఈ కథంతా ఆమె యాభై మూడో ఏట మొదలైంది.

అప్పటికి రెండేళ్ళ కిందట ఆ వాడ పెద్ద, అందరూ కాప్ అని పిలిచే కాపితాన్ హెర్మోహెనెస్, ఒక గొప్ప ప్రకటన చేశాడు. ఇకమీదట నివాస పత్రం కావాలన్నా, పైకప్పు ఉన్న ఆటస్థలం పెళ్ళికి కావాలన్నా, ఫిర్యాదు చేయాలన్నా ఎవరూ కార్యాలయం చుట్టూ తిరగక్కర్లేదు, అన్నీ వెబ్‌సైటులోనే జరిగిపోతాయి అన్నాడు. ఆ పని తన చెల్లెలి కొడుకు జూన్‌రేకి అప్పజెప్పాడు. జూన్‌రేకి ఇరవయ్యేడేళ్ళు. ఏసీ గదిలో గిర్రున తిరిగే కుర్చీ వేసుకుని, చెవులకు పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆరు నెలలు పడుతుందన్నాడు. ఆరు నెలలు పోయాక ఇంకో ఆరు నెలలన్నాడు. రెండేళ్ళకు ఆ వెబ్‌సైటు తెరిచి చూస్తే కాపితాన్ నవ్వుతున్న ఫొటో ఒకటి, దాని కింద 'త్వరలో' అన్న మాట ఒకటి కనిపించేవి. ఆ నవ్వు దేనికో ఎవరికీ బోధపడేది కాదు.

ఈలోగా లూదింగ్ ఇంటి ముందు మురుగుకాలువ పొంగింది. ఆమె కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చింది. అది పోయింది. మళ్ళీ రాసిచ్చింది. అదీ పోయింది. మూడోసారి ఇస్తే, వెబ్‌సైటు వచ్చాక అందులో పెట్టుకోండి అని తిప్పి పంపారు.

అక్టోబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి అందరూ వచ్చాక, ఆటస్థలంలో వాడ సమావేశం జరిగింది. లూదింగ్ లేచి నిలబడి, అసలు ఒక వెబ్‌సైటు చేయడానికి ఎంతకాలం పడుతుందో చెప్పమని అడిగింది. జూన్‌రే మైకు అందుకుని, "నాంగ్, ఇది గుండీ కుట్టడం లాంటిది కాదు. నేర్చుకోడానికే నాలుగేళ్ళు పడుతుంది. మీ వయసులో చెప్పినా తలకెక్కదు" అన్నాడు.

జనం ఘొల్లున నవ్వారు. లూదింగ్ తొణకలేదు. "నాలుగో తరగతిలో నీ లాగు ఒక్క ఏడాదిలో మూడుసార్లు వెడల్పు చేశాను జూన్‌రే. ఇంక లావెక్కను నాంగ్ అని ప్రతిసారీ నువ్వే చెప్పేవాడివి. నీ అంచనాల సంగతి నాకు అప్పట్నుంచీ తెలుసు" అని కూర్చుంది. ఈసారి జనం ఇంకా పెద్దగా నవ్వారు. ఆ నవ్వు ఆ పూటకు సరిపోయింది కానీ, 'మీ వయసులో' అన్న మాట మాత్రం ఆమె మనసులో ముల్లులా దిగబడింది.

భర్త దొల్ఫో ఆ మాట మర్చిపొమ్మన్నాడు. అతను మోటారుసైకిలుకు పక్కతొట్టి కట్టిన ట్రైసికిల్ నడిపేవాడు, ముగ్గురిని కూర్చోబెట్టుకుని ఊరి కబుర్లన్నీ మోసుకు తిరిగేవాడు. కబుర్లు మర్చిపోవడం అతనికి చేతకాదు గానీ ఎదుటివాళ్ళకు సలహా మాత్రం ఇచ్చేవాడు. ఆ సాయంత్రం అతని బండిలోనే సంతకు పోతుంటే, ఒక బేకరీ గోడ మీద అంటించిన కాగితం లూదింగ్ కంటపడింది. 'పన్నెండు వారాల్లో వెబ్ డెవలపర్ అవ్వండి. ముందు ఏమీ తెలియక్కర్లేదు' అని ఉంది దాని మీద. ఏమీ తెలియకపోవడమే అర్హత అయితే తనకు మించినవాళ్ళు లేరనుకుని ఆమె బండి ఆపించింది.

బేకరీ మేడ మీద, జనవరిలో, శనివారం పొద్దుట తరగతులు మొదలయ్యాయి. కింద నుంచి పాన్ దె సాల్ రొట్టెలు కాలుతున్న కమ్మని వాసన. పైన పద్నాలుగు మంది, అందరూ ఇరవై ఏళ్ళలోపువాళ్ళు. లూదింగ్ లోపలికి రాగానే ఎవరి తల్లో వచ్చిందనుకుని ఒకడు కుర్చీ ఇచ్చాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని సంచిలోంచి పుస్తకం, కొలతల టేపు, దొల్ఫో ఎక్కడినుంచో తెచ్చిన పాత లాప్‌టాప్ తీసింది.

పాఠం చెప్పేది రొవేనా అనే అమ్మాయి. పగలు ఒక హోటలు కంపెనీకి వెబ్‌సైట్లు చేస్తూ, శనివారాలు ఇక్కడికి వచ్చేది. లూదింగ్ మొదటి రోజే చేయెత్తి, నేర్చుకోడానికి ఎంతకాలం పడుతుందని అడిగింది. ఊళ్ళో కుర్రాడు నాలుగేళ్ళన్నాడు, మీ గోడ పన్నెండు వారాలంటోంది, ఇందులో అబద్ధం ఎవరిదో చెప్పమంది. రొవేనా కిటికీలోంచి కిందికి చూసి, "గోడ మీద కాగితం నేను రాయలేదు నాంగ్. నేను మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. నిన్న వెబ్ పేజీ పైనుండే మెనూ వరస రెండు గీతలంత పక్కకు జరిగితే, ఎందుకు జరిగిందో కనుక్కోడానికి నాకు మూడు గంటలు పట్టింది" అంది. ఆ మాటతో లూదింగ్‌కి ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది. చేతకాని రోజును కూడా ఒప్పుకునేవాళ్ళ దగ్గరే పని నేర్చుకోవాలని ఆమె సిద్ధాంతం.

మొదటి నెల హాయిగా గడిచింది. ఒక మాటకు ముందు ఒక గుర్తు పెట్టి తెరవాలి, చివర ఇంకో గుర్తు పెట్టి మూయాలి, అప్పుడది పేజీలో శీర్షికో పేరానో అవుతుంది. మూయడం మర్చిపోతే కిందున్నదంతా చెడుతుంది. కుట్టు చివర ముడి వేయకపోతే జరిగేదీ అదే కదా అని ఆమె ధీమాగా ఉంది. తన పేరు, కుట్టుమిషను బొమ్మ పెట్టి ఒక పేజీ చేసి దొల్ఫోకి చూపించింది. అతను చాలాసేపు చూసి, మిషను మన మిషనులాగే ఉందన్నాడు. అది మన మిషను ఫొటోయే అని చెప్పాల్సి వచ్చింది.

రెండో నెలలో తలప్రాణం తోకకొచ్చింది. అంతవరకూ పేజీలు బొమ్మల్లా నిలబడేవి. ఇప్పుడు వాటికి కదలిక నేర్పాలి. నొక్కితే ఏం జరగాలి, నొక్కకపోతే ఏం జరగాలి, సగం నొక్కి పోతే ఏం జరగాలి, అన్నీ ముందే చెప్పి ఉంచాలి. ఒక చుక్క తప్పితే తెర తెల్లబోయేది. లూదింగ్ తను రాసిన కోడ్ అంతా కాగితాల మీద అచ్చు వేయించుకుని, బట్ట కత్తిరించే బల్ల మీద పరిచి, దర్జీ సుద్దముక్కతో తప్పులు వెతికేది. తెల్లవారగానే కోళ్ళు కూస్తుంటే ఆమె వాటితో పోటీగా కంప్యూటర్ని తిట్టేది. ఒకరోజు యూనిఫారం కోసం వచ్చిన తల్లి ఆ తిట్లు తన పిల్లవాడికనుకుని వెనుదిరిగి పోయింది.

ఏప్రిల్లో పన్నెండు వారాలూ అయ్యాయి. నీలం అంచు, బంగారు ముద్ర ఉన్న ధ్రువపత్రం ఇచ్చారు. లూదింగ్ ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఒక చిన్న ఫారం చేయబోయింది. పేరు రాసి పంపు అని నొక్కితే పేరు ఎటో మాయమైపోయింది. ఎటు పోయిందో కనుక్కోవడం ఆమెకు చేతకాలేదు. మధ్యాహ్నం అన్నం తినలేదు. పన్నెండు వారాలూ పాఠం చెబుతుంటే అర్థమైనట్టే ఉన్నదంతా ఒంటరిగా కూర్చునేసరికి చేతిలోంచి జారిపోయింది. జూన్‌రే మాట నిజమేమో, తన వయసుకు ఇది ఎక్కదేమో అని మొదటిసారి అనిపించింది. ఏడవలేదు గానీ కుట్టాల్సిన నాలుగు లాగులకు గుండీలు తిరగేసి కుట్టింది.

దొల్ఫో ఆ ధ్రువపత్రాన్ని గోడకు తగిలిస్తానన్నాడు. "వద్దు. దీని మీద వెబ్ డెవలపర్ అని ఉంది. ఎవరన్నా చూసి పని చెబితే ఏం చేస్తాం" అని దాన్ని బీరువాలో దుప్పట్ల అడుగున దాచేసింది.

మరుసటి శనివారం మళ్ళీ బేకరీ మేడ ఎక్కింది. తనకేమీ రాలేదని, మళ్ళీ మొదటినుంచీ కూర్చుంటానని రొవేనాతో చెప్పింది. రొవేనాకి ఆశ్చర్యం వేయలేదు. చాలామంది ధ్రువపత్రం వచ్చాక ఏమీ రాలేదని తెలుసుకుని మానేస్తారనీ, తిరిగొచ్చినవాళ్ళకే పని వస్తుందనీ చెప్పింది. ఈసారి తరగతి పాఠాలు వింటూనే సొంతంగా ఒక పని పెట్టుకోమంది, తనకు నిజంగా అవసరమైనది.

లూదింగ్‌కి నిజంగా అవసరమైనది యూనిఫారాల వరస. బడులు తెరిచే ముందు తల్లులందరూ ఒకేసారి వచ్చి పడేవారు. అందుకని ఇంటినుంచే కొలతలు పంపే పేజీ చేసింది. మూడు వారాలు పట్టింది. ఈసారి పంపు అని నొక్కితే కొలతలు నిజంగానే వచ్చాయి. ఆ ఆనందంలో ఆమె కళ్ళు మూసుకుని బట్ట కత్తిరించేసింది. ఒకటో తరగతి పిల్లవాడి నడుము యాభై ఆరు అని వచ్చింది. యాభై ఆరు అంగుళాలకూ కుట్టేసి, మడత విప్పి చూసుకున్నాక గానీ తెలియలేదు. ఆ లాగు ఒక్క కాలిగొట్టంలోనే దొల్ఫో తన రెండు కాళ్ళూ దూర్చి నిలబడ్డాడు. పిల్లవాడి తల్లి సెంటీమీటర్లలో రాసింది. అంగుళాల్లో రాయాలని లూదింగ్ పేజీలో ఎక్కడా చెప్పలేదు.

ఆమె వెంటనే పేజీలో అంగుళాలు అని చేర్చింది. అయినా ఒకావిడ సెంటీమీటర్లే రాసింది. అప్పుడు నలభై దాటితే ఒప్పుకోకుండా చేసింది. ఒకావిడ నడుము గడిలో పిల్లవాడి పేరు రాసింది. ఆ వేసవంతా అలాగే గడిచింది. తాను ఒక కంత పూడిస్తే జనం ఇంకో కంత కనిపెట్టేవారు. కోడ్ నేర్చుకోవడం ఒక ఎత్తు, తన వీధి జనం బుర్రలు చదవడం ఒక ఎత్తు అని ఆమెకు అప్పుడే తెలిసింది. రెండోది నేర్పే తరగతి బేకరీ మేడ మీదే కాదు, ఎక్కడా లేదు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. సమావేశానికి వారం రోజులుంది. ఇంటి ముందు కాలువ ఇంకా పొంగుతూనే ఉంది. కాపితాన్ ఫొటో ఇంకా నవ్వుతూనే ఉంది. లూదింగ్ బుర్రలో ఒక చిలిపి పురుగు తొలిచింది.

ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక పేజీ చేసింది. పైన కాపితాన్ నవ్వు ముఖం. దాని కింద 'ఫిర్యాదు చేయండి' అని ఎర్రటి పెద్ద బటన్. వేలు ఆనించబోతే బటన్ టక్కున ఇంకో మూలకు జారుకుంటుంది. జారుకున్నప్పుడల్లా కింద ఒక మాట కనిపిస్తుంది. 'వచ్చే వారం రండి.' 'సంతకం పెట్టేవారు సెలవు.' 'కాప్ సదస్సుకు వెళ్ళారు.' 'జిరాక్సు మిషను పనిచేయడం లేదు.' అన్నీ తనకు ఆ కార్యాలయంలో నిజంగా చెప్పిన జవాబులే. ఒక్కటీ కల్పించలేదు.

దాన్ని దొల్ఫో ఒక్కడికే చూపించింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. దొల్ఫో ఒట్టు గురించి ఆమెకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. అతను ముగ్గురేసి ప్రయాణికులకు చెప్పాడు. సాయంత్రానికి సాన్ పోలికార్పోలో ఫోనున్న ప్రతి మనిషీ ఆ బటన్ని తరుముతున్నాడు. చిల్లర కొట్టు ముందు బెంచీ మీద ముసలాళ్ళు పందాలు కాశారు. బాచోయ్ నూడుల్స్ దుకాణంలో ఒకడు రెండు చేతుల్తో పట్టబోయి ఫోను వేడి పులుసులో పడేసుకున్నాడు.

మర్నాడు పది గంటలకు కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. లూదింగ్ తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళింది. లోపల కాపితాన్ తల వంచుకుని, నాలుక బయటపెట్టి, రెండు బొటనవేళ్ళతో ఫోను పొడుస్తున్నాడు. వెనక ఇద్దరు వాడ సంఘం సభ్యులు నిలబడి, కుడిమూల కాప్, కుడిమూల అని సలహాలిస్తున్నారు. ఆమెను చూసి ఆయన ఫోను బోర్లా పెట్టి ముఖం గంభీరంగా చేసుకున్నాడు. తన పరువు తీసిందన్నాడు. ఆ పేజీ ఇప్పుడే తీయించాలని జూన్‌రేని పిలిచాడు.

జూన్‌రే వచ్చి నిలబడ్డాడు. అది తన దగ్గర లేదు, ఆమె సొంతం అన్నాడు. అయితే నువ్వు ఆ బటన్ని కదలకుండా చేసి మన వెబ్‌సైటులో పెట్టు, ఆవిడ ఒక్క మధ్యాహ్నంలో చేసింది నీకెంతసేపు అన్నాడు కాపితాన్. జూన్‌రే హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసి చేతిలో నలుపుకున్నాడు.

"నాకు రాదు మామయ్యా" అన్నాడు. "ఆ 'త్వరలో' పేజీ కూడా స్నేహితుడే చేసి పెట్టాడు. నేర్చుకుందామనే అనుకున్నాను. రోజూ రేపు మొదలుపెడదామనుకున్నాను."

లూదింగ్ ఈ క్షణం కోసం ఏడాదిగా కాచుకుంది. తీరా వచ్చాక దాన్ని ఎలా అనుభవించాలో ఆమెకు తెలియలేదు. జూన్‌రే చెవులు ఎర్రబడ్డాయి. లాగు బిగుతైందని చెప్పలేక తన ముందు నిలబడ్డ నాలుగో తరగతి పిల్లవాడు కళ్ళముందు కనిపించాడు. నోటి దాకా వచ్చిన మంచి వెటకారం మాట ఒకదాన్ని ఆమె మింగేసింది. అంత మంచి మాట మింగడం ఆమె జీవితంలో అదే మొదలు.

కాపితాన్ ఆమె వైపు తిరిగాడు. "దాన్ని నిలబెట్టడానికి ఎంతకాలం పడుతుంది?"

"నిలబెట్టడానికి అర నిమిషం చాలు కాప్. నొక్కాక ఆ ఫిర్యాదు ఎవరు చదువుతారు, ఎన్నాళ్ళకు జవాబిస్తారు అన్నది తేలాలి. అది నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది."

ఆయనకు కోపం రాలేదని కాదు. కానీ వారంలో సమావేశం ఉంది, ఊరంతా వేళ్ళు అరిగేలా ఆ బటన్ని నొక్కుతోంది. మూడు రోజుల్లో జవాబు అని ఒప్పుకున్నాడు. ఆ వారమే మనుషుల్ని పంపి కాలువ తవ్వించాడు కూడా. వెబ్‌సైటు పని లూదింగ్ చేయాలన్నాడు. ఆమె ఒక షరతు పెట్టింది. జూన్‌రే ఆ కుర్చీలో ఉండొచ్చు గానీ, శనివారాలు తనతో బేకరీ మేడ ఎక్కాలి.

అలా జూన్‌రే రొవేనా తరగతిలో ఆమె పక్కన కూర్చున్నాడు. రెండో వారమే, అసలు ఇది రావడానికి ఎంతకాలం పడుతుంది నాంగ్, నిజం చెప్పండి అని నెమ్మదిగా అడిగాడు. ఆమె చేతిలోని రొట్టె విరిచి సగం అతనికిచ్చింది.

"మూడు నెలలకి పేజీ నిలబెట్టగలవు. ఏడాదికి అదెందుకు పడిపోయిందో కనుక్కోగలవు. జనం దాన్ని ఎన్ని రకాలుగా తప్పు నొక్కుతారో మాత్రం నాకింకా అంతు చిక్కలేదు. నువ్వు మూడేళ్ళు కుర్చీలో కూర్చున్నావు చూడు, అది మాత్రం లెక్కలోకి రాదు."

జూన్‌రే మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. కుర్రాడు మొద్దు కాదు. తప్పు బయటపడిపోయాక ఇంక దాచుకోడానికి ఏమీ లేకపోవడంతో అతనికి చదువు బాగానే ఎక్కింది. రంగులు, ఫొటోలు పొందికగా అమర్చడంలో ఆమెను మించిపోయాడు. ఫారాలు, తప్పులు ఆమె చూసుకునేది. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారు. వెబ్‌సైటులో కాపితాన్ ఫొటో ఉండాలా వద్దా అన్న దాని మీదే ఒక వారం గడిచింది. చివరికి ఉంచారు, కానీ తపాలా బిళ్ళంత చేసి.

నాలుగు నెలలు పట్టింది. ఫిబ్రవరిలో, సాన్ పోలికార్పో పండగకు పది రోజుల ముందు, వెబ్‌సైటు తెరిచారు. ఎర్ర బటన్ కదలకుండా నిలబడింది. ముందురోజుల అలవాటు కొద్దీ జనం దాన్ని దూరంనుంచి ఒక్క దెబ్బ కొట్టి వేలు వెనక్కి తీసుకునేవారు.

ఆ మధ్యాహ్నమే మొదటి ఫిర్యాదు వచ్చింది. పేరు రాయలేదు. లూదింగ్ కుట్టు పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని చదివింది. 'ఈ వాడలో కుట్టుపనావిడ ఒకరు నాలుగు వారాలుగా నా బరోంగ్ చొక్కా ఇవ్వడం లేదు. పండగ దగ్గర పడింది. అడిగితే వెబ్‌సైటు పనిలో ఉన్నానంటున్నారు. చర్య తీసుకోగలరు' అని ఉంది.

తలెత్తి చూస్తే కిటికీ పక్క కొక్కేనికి కాపితాన్ బరోంగ్ వేలాడుతోంది. ఒక చెయ్యి ఉంది, రెండోది లేదు. ఆమె నవ్వు ఆపుకోలేక మిషను మీద వాలిపోయింది. దొల్ఫో పరిగెత్తుకొచ్చి విషయం విని, ఇప్పుడు ఏం జవాబిస్తావన్నాడు. ఇంకేం జవాబు, మూడు రోజుల నియమం పెట్టించింది తనే కదా అని, ఆమె యూనిఫారాలన్నీ పక్కకు నెట్టి, సన్నటి సూది ఎక్కించి రెండో చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు గంటలకల్లా ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, దొల్ఫో బండిలో తనే వెళ్ళి ఇచ్చింది.

కాపితాన్ అద్దం ముందు తొడుక్కుని అటూ ఇటూ తిరిగాడు. సరిగ్గా సరిపోయింది. ఫిర్యాదు సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కాఫీ ఇచ్చారు, తాగింది. తిరిగి వస్తూ బండిలోనే ఫోను తీసి, ఆ ఫిర్యాదు పక్కన 'పరిష్కారమైంది' అని నొక్కింది. అప్పటికే దాని కింద ఇంకో రెండు వచ్చి ఉన్నాయి.